పలక పట్టకముందే: పిల్లలకు మాట, చదువు ఎలా అలవాటు చేయాలి?

మూడేళ్ళు నిండీ నిండకుండానే పలక కొని అక్షరాలు దిద్దించే తొందర ఇప్పుడు కోనసీమలో ఇంటింటా కనిపిస్తోంది. అంతకన్నా ముందు పిల్లల చెవిలో మాటలు నిండాలి. నోటికి అలవాటు లేని మాటను కూడబలుక్కుని చదివినా పిల్లలకు అర్థం అందదు.

1. పుట్టిన రోజు నుంచే మాట్లాడండి

బిడ్డ కడుపులో ఉండగా చివరి నెలల్లోనే తల్లి గొంతు వింటుంది. నీళ్ళు పోసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు మీరు చేస్తున్నదే మాటల్లో చెప్పండి. ఆరేడు నెలల బిడ్డ 'బ బ' అంటే మీరూ 'బ బ' అని ఆగండి. తర్వాత వంతు బిడ్డదే. దాదాపు ఏడాదికి తొలి మాట వస్తుంది, రెండేళ్ళకు రెండు మాటలు కలుస్తాయి. అప్పటికీ కలపకపోతే 'మా వంశంలో అందరికీ ఆలస్యమే' అని ఊరుకోకండి. వైద్యుడికి చూపించి, ముందుగా వినికిడి పరీక్ష చేయించండి.

2. వాళ్ళ మాటకు ఇంకో మాట చేర్చండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి పాయ వశిష్ఠను దాటే పంటు (బళ్ళనూ మనుషులనూ ఎక్కించుకునే పెద్ద పడవ) మీద ఒకసారి ఓ మూడేళ్ళ పాప "కారు నీళ్ళెక్కింది!" అని అరిచింది. పక్కనున్న అమ్మమ్మ తప్పు అనలేదు. "అవునమ్మా, కారు పంటు ఎక్కింది. పంటు నీళ్ళ మీద పోతోంది. మరి మనం ఎక్కడ దిగుతాం?" అంది. పాప కాసేపు ఆలోచించి ఒడ్డు వైపు వేలు చూపించింది. ఆ కాసేపూ అమ్మమ్మ తొందరపెట్టకుండా ఎదురుచూసింది.

మన చుట్టూ మాటలకు కరువా? కొబ్బరి చెట్టు ఒక్కటి చాలు: మట్ట, ఈనె, పీచు, బొండాం, కురిడీ. కాలువ దగ్గరికి వెళితే గట్టు, లాకు, పడవ. వస్తువును చేతికిచ్చి పేరు చెప్పండి. ఇంట్లో వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడితే బడిలో ముందుంటారన్న భ్రమ వద్దు. తెలుగులో కథ చెప్పగలిగే బిడ్డకు రెండో భాష అందడం తేలిక.

ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది: ఏడాది వయసు పిల్లలకు కూడా తెర వద్దు, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించకూడదు. కువైట్‌లో ఉన్న నాన్నతో వీడియో కాల్ వేరు, అక్కడ బదులు పలికే మనిషి ఉన్నాడు. "అన్నం తిన్నావా?" దగ్గరే ఆగిపోకుండా, "ఈ రోజు ఏం చూశావో నాకు చూపించు" అని అడగమనండి.

3. మాటను చప్పట్లతో విడగొట్టండి

కొ-బ్బ-రి, మూడు చప్పట్లు. ప-డ-వ, మూడు. గ-ట్టు, రెండు. మన లిపిలో అక్షరం దాదాపు ఇలా పలికే ముక్కకే గుర్తు కాబట్టి ఈ ఆట నేరుగా చదువుకు దారి తీస్తుంది.

4. బొమ్మల పుస్తకం కలిసి చూడండి

గబగబా చదివేయకండి. "తర్వాత ఏమవుతుంది?" అని ఆగండి. అదే కథ పదిసార్లు అడిగినా విసుక్కోవద్దు.

5. పనికొచ్చే అక్షరాలతో మొదలుపెట్టండి

యాభై ఆరు అక్షరాలూ వరసగా రావాలన్న పట్టుదల వదలండి. ఙ, ఞలతో మొదలయ్యే మాట పిల్లలకు ఒక్కటీ ఎదురుకాదు. ముందు బిడ్డ పేరులోని అక్షరాలు చూపించండి. ఆ తర్వాత క, ల, ప. ఈ మూడు వస్తే చాలు, కల, పలక, కలప చదివేస్తారు. ప బాగా నిలిచాకే దాన్ని పోలిన వ చెప్పండి. అప్పుడు వల కూడా వస్తుంది.

వేళ్ళకు బలం రాకముందే బలపం పట్టించి గంటలకొద్దీ దిద్దించకండి. అక్షరాభ్యాసం నాడు చేసినట్టే పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయించండి. వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టనివ్వండి.

6. వాళ్ళ మాటే వాళ్ళకు పాఠం

పాత క్యాలెండర్ వెనుక పెద్ద అక్షరాలతో ఆ రోజు బిడ్డ అన్న మాటే రాయండి: "కారు పంటు ఎక్కింది." గోడకు అంటించి, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ చదవండి. నాలుగు రోజులు పోయాక "ఇందులో పంటు ఏది?" అని అడగండి. మొదట కారు మీద వేలు పెట్టినా ఫరవాలేదు. మళ్ళీ చదివి వినిపించండి, మళ్ళీ అడగండి.