నీళ్లు తాగిన లాప్‌టాప్ – 3వ పాఠం: బాగు చేయించాలా, వదిలేయాలా?

కిందటి పాఠంలో ఛార్జర్ పీకడం, అడుగు మూత విప్పడం, బ్యాటరీ కనెక్టర్ తీయడం దాకా వచ్చాం. అవేవీ చేయకుండా నేరుగా ఈ పాఠానికి వచ్చినవాళ్లు ముందు వెళ్లి ఆ పని చేసి రండి. పాఠం ఎక్కడికీ పోదు. బ్యాటరీ తగిలి ఉన్నంతసేపు బోర్డు (లోపలి మదర్‌బోర్డు) మాత్రం పోతూనే ఉంటుంది.

ఈసారి స్క్రూడ్రైవర్‌తో పని తక్కువ. టార్చిలైటు, భూతద్దం, పాత టూత్‌బ్రష్, వీలైతే ఒక మల్టీమీటర్ దగ్గర పెట్టుకోండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో లాప్‌టాప్ తడిస్తే అందరం చేసేది ఒకటే. ఎండలోనో బియ్యం డబ్బాలోనో పెడతాం, మర్నాడు పవర్ బటన్ నొక్కుతాం. వెలిగితే బతికిందంటాం, వెలగకపోతే పోయిందంటాం. ఆ బటన్ చెప్పే సాక్ష్యాన్ని నమ్మి నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా రేకుల కప్పు కారి, బల్లమీది లాప్‌టాప్ తడిసింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే చక్కగా వెలిగింది. దసరా అంతా దాని మీద సినిమాలు చూశాం. దీపావళి రాకముందే ఛార్జింగ్ ఆగింది, తర్వాత పూర్తిగా చచ్చింది. షాపతను మూత తీసి చూసి "బోర్డు గలా" అన్నాడు. పోయింది అనడానికి ఒడియాలో అంతే, రెండు ముక్కలు. ఆ చిరాకులో డిస్కు తీసుకోవాలన్న ధ్యాసే లేక, మొత్తం పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. మూడేళ్ల ఫొటోలు అందులోనే ఉండిపోయాయి.

అందుకే మొదటి ప్రశ్న ఇది: మీకు కావాల్సింది లాప్‌టాపా, అందులో ఉన్నవా? ఫైళ్లే ముఖ్యమైతే లెక్క చాలా తేలిక. చాలా లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు ఉండే చిప్పుల డిస్కు, ఒక స్క్రూతో ఊడి వస్తుంది. దాన్ని తీసి, తడి లేదని, పిన్నుల మీద మచ్చ లేదని చూసుకుని, యూఎస్‌బీ డబ్బాలో (డిస్కుని బయటినుంచి తగిలించే ఎన్‌క్లోజర్‌లో) పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించండి. పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్కు వరద నీళ్లలో మునిగి ఉంటే మాత్రం దానికి అసలు కరెంటు ఇవ్వొద్దు. కొన్ని సన్నటి మోడళ్లలో ఎస్‌ఎస్‌డీ బోర్డుకే అతికించి ఉంటుంది. అప్పుడు ఫైళ్లు కావాలంటే బోర్డును బతికించక తప్పదు, ఖర్చు లెక్క మారిపోతుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. విండోస్ 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డిస్కుకి తాళం పడి ఉంటుంది. బోర్డు మార్చినా, డిస్కు వేరే కంప్యూటర్‌కి పెట్టినా 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూసి, కాగితం మీద రాసుకున్నాకే షాపుకి బయల్దేరండి.

ఇక మిషన్ సంగతి. ఏం పడింది, ఎంతసేపు కరెంటుతో ఉంది, ఎక్కడిదాకా వెళ్లింది అన్న మూడూ తెలిస్తే సగం తీర్పు మీ చేతిలో ఉన్నట్టే.

బోర్డుని తినేది ఉత్త నీరు కాదు, అందులో కరిగిన లవణాలు. వాటి మీదుగా కరెంటు పారితే రాగి కరిగి ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతుంది. లాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ నుంచి కొన్ని లైన్లకు వోల్టేజీ అందుతూనే ఉంటుంది కనుక ఈ తినడం ఆగదు. ఎండలో నీరు ఆరుతుంది, లవణం అక్కడే ఉంటుంది. శ్రావణంలో గాలి తేమెక్కగానే మళ్లీ పని మొదలుపెడుతుంది. బియ్యం లవణాన్ని లాగదు. దుమ్ము మాత్రం పోర్టుల్లోకి వదులుతుంది. దాన్ని అన్నం వండుకోండి.

వాన చుక్కలు, కుళాయి నీళ్లు పడితే ఆశ బాగానే ఉంటుంది. టీ అయితే పాలు, చక్కెర కలిసి జిగురుగా కీల కింద పేరుకుంటాయి, కీబోర్డు ఎలాగూ మార్చాలనుకోండి. కొబ్బరినీళ్లు తియ్యగా ఉంటాయని తేలిగ్గా తీసుకోవద్దు, అందులో పొటాషియం ఎక్కువ. ఇక గోపాల్‌పూర్ బీచ్‌లో సముద్రపు నీళ్లు తగిలిన లాప్‌టాప్ తెస్తే నేను ముందే తల అడ్డంగా ఊపుతాను. లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు అది. ఆ మిషన్ మీద డబ్బు పెట్టొద్దు, ఫైళ్లు తీసుకోండి.

ఇప్పుడు ఒక బోర్డును దగ్గరగా చూద్దాం. గుణుపురంలో ఉండే మా పిన్ని కూతురు టీ ఒలకబోసుకుంది. నాలుగు రోజులు వాడి, ఐదోరోజు ఆగిపోయాక రైల్లో సంచిలో పెట్టుకుని తెచ్చింది.

"అన్నయ్యా, మొన్నటిదాకా ఆన్ అయింది, వీడియోలు కూడా చూశాను" అంది.

"చూశావు కాబట్టే ఇంత పచ్చగా ఉంది" అన్నాను.

బ్యాటరీ తీసి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేశాం. నిటారుగా వేస్తే మెరుపులో ఏమీ కనపడదు. కీబోర్డు పట్టీ దూరే కనెక్టర్ చుట్టూ గోధుమరంగు మరక. ఛార్జింగ్ సాకెట్ పక్కన ఆవగింజంత కెపాసిటర్లు వరసగా ఉంటే, వాటిలో రెండింటి చివర్లు పచ్చగా పొంగి ఉన్నాయి, రాగి చెంబుకి పట్టే చిలుములాగే. టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దాం. ఒకదాని కింద లోహం మెరిసింది, అంటే పైపైన మాత్రమే తిన్నది. రెండోది బ్రష్‌తోపాటే ఊడొచ్చింది.

తర్వాత మల్టీమీటర్, బీప్ మోడ్‌లో పెట్టి. బ్యాటరీ, ఛార్జర్ రెండూ లేకుండా, ఒక ముల్లు స్క్రూ రంధ్రం అంచుకి, రెండోది ఛార్జింగ్ లైను మీదున్న కెపాసిటర్‌కి పెట్టాను. బీప్ ఆగకుండా మోగితే ఆ లైను నేలకి (గ్రౌండ్‌కి) షార్టయినట్టు. మోగలేదు. ఇక్కడ కొత్తవాళ్లు ఒక తప్పు చేస్తారు, ప్రాసెసర్ పక్కన కాయిల్స్ మీద పెట్టి బీప్ రాగానే హడలిపోతారు. అక్కడ నిరోధం (ఓమ్‌లు) సహజంగానే చాలా తక్కువ, అది జబ్బు కాదు.

స్క్రీన్ కేబుల్ కనెక్టర్‌ని కూడా చూడండి. అక్కడ బ్యాక్‌లైటు వోల్టేజీ, సున్నితమైన సిగ్నల్ పిన్నులు పక్కపక్కనే ఉంటాయి. తడి రెండింటినీ కలిపితే దెబ్బ ప్రాసెసర్ దాకా పోవచ్చు. పెద్ద చిప్పుల అంచుల నుంచి తెల్లపొడి బయటికి వస్తుంటే వాటి కింద ఇంకా ఎక్కువ ఉందని అనుకోండి. అక్కడికి బ్రష్ పోదు.

ఇక డబ్బు. నా లెక్క ఇది, శాస్త్రం కాదు. అలాంటి లాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌లో ఎంతకి దొరుకుతుందో కనుక్కుంటాను. రిపేరు అందులో మూడోవంతు లోపుంటే చేయిస్తాను. సగం దాటితే చేయించను. మధ్యలో ఉంటే, షాపతను బోర్డుకి ఎన్నాళ్లు గ్యారంటీ ఇస్తాడన్న దాన్ని బట్టి. చెల్లి లాప్‌టాప్ 15,000కి దొరుకుతుంది. కెపాసిటర్లు, శుభ్రం చేయడం, కొత్త కీబోర్డు కలిపి 3,200 అన్నారు. చేయించాం. అదే బోర్డు మార్చాలని 9,000 అడిగి ఉంటే వద్దనేవాణ్ని. కొన్ని మోడళ్లలో కీబోర్డు పైచట్రానికి ప్లాస్టిక్ రివెట్లతో అతికి ఉంటుంది, చట్రంతో సహా మార్చమంటారు. ఇంట్లో బల్లమీదే వాడేవాళ్లు ఆ ఖర్చు మానుకుని బయటి యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకోవచ్చు.

వయసు కూడా చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాత ప్రాసెసర్లకి, ఏవో కొన్ని తప్ప, మైక్రోసాఫ్ట్ అధికారికంగా విండోస్ 11 ఇవ్వదు. అలాంటి దానిమీద కీబోర్డు వరకు సరే, బోర్డు పనికి నేను దిగను. కొత్త లాప్‌టాప్ అయితే బిల్లు తీసి చూడండి. మామూలు వారంటీలో నీళ్ల దెబ్బ ఉండదు, ప్రమాదాలకు విడిగా ప్లాన్ కొని ఉంటే ఉంటుంది. ఆ ప్లాన్ ఉన్నవాళ్లు బయట ఎక్కడా విప్పించకుండా వాళ్ల సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి, ఈ పాఠం మీకు కాదు.

శ్రీకాకుళం వెళ్లినా, బరంపురం వెళ్లినా షాపులో అడగాల్సింది ఒకటే: "బోర్డు విప్పి కెమికల్‌తో కడుగుతారా, డ్రయ్యర్‌తో ఆరబెట్టి ఇస్తారా?" ఆరబెడతామంటే లాప్‌టాప్ తీసుకుని లేచి వచ్చేయండి. ఎస్‌ఎస్‌డీ ముందే తీసి జేబులో పెట్టుకోండి. పాడైన భాగం వెనక్కి ఇవ్వమనండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: మీ బోర్డుకి ఏటవాలు వెలుతురులో ఆరు ఫొటోలు తీయండి – ఛార్జింగ్ సాకెట్, కీబోర్డు కనెక్టర్, స్క్రీన్ కనెక్టర్, బ్యాటరీ కనెక్టర్, ర్యామ్ స్లాటు, ప్రాసెసర్ చుట్టూ. మరక కనపడినచోట సున్నా చుట్టండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక సీసా తెచ్చి ఉంచండి. మందుల షాపులో దొరికే 70 శాతంది వద్దు, అందులో మిగతాదంతా దాదాపు నీళ్లే.