ఇంప్లాంట్ పన్ను ఊగుతోందా? బిగించేసే ముందు ఒక్క నిమిషం

"డాక్టర్ గారూ, మీరు పెట్టిన పన్ను ఊగుతోందండీ" అని పేషెంట్ ఫోన్ చేయగానే ఇంప్లాంటే పోయిందని టెన్షన్ పడకండి. చాలాసార్లు అబట్‌మెంట్‌ని (ఎముకలోని ఇంప్లాంట్ మీద కూర్చుని పై క్యాప్‌ని మోసే ముక్క) పట్టుకునే లోపలి స్క్రూ వదులవుతుంది, అంతే.

ముందు ఏది కదులుతోందో తేల్చుకోండి. సిమెంట్ వదిలితే క్యాప్ ఒక్కటే కదులుతుంది, ఒక్కోసారి చేతికే వచ్చేస్తుంది. స్క్రూ వదులైతే క్యాప్, అబట్‌మెంట్ రెండూ కలిసి ఊగుతాయి, నొప్పి పెద్దగా ఉండదు గానీ చిగురు కాస్త వాచి, నోట్లో చెడు రుచి వస్తోందంటారు. ఇంప్లాంటే కదులుతుంటే, ఆర్‌వీజీలో (డిజిటల్ ఎక్స్‌రే) దాని చుట్టూ నల్లటి గీత కనిపిస్తుంటే కథ వేరు, అప్పుడు స్క్రూ జోలికి వెళ్ళి లాభం లేదు. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ మీది మరలు (చుట్టూ తిరిగే గాట్లు) రెండు పక్కలా స్పష్టంగా కనిపించాలి. అవి మసకగా ఉన్నాయంటే యాంగిల్ తప్పింది, ఇంప్లాంట్‌కీ అబట్‌మెంట్‌కీ మధ్య సందు ఉన్నా కనిపించదు, మళ్ళీ తీయండి.

ఇక అసలు ఎందుకు వదులవుతుంది? స్క్రూని స్ప్రింగ్ అనుకోండి. టార్క్ (తిప్పి బిగించే బలం) ఇచ్చినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది, మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడే రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుంటుంది. దాన్నే ప్రీలోడ్ అంటాం. నమిలేటప్పుడు విడదీసే బలం దీన్ని మించితే స్క్రూ మెల్లగా వెనక్కి తిరుగుతుంది. పైగా బిగించిన కొద్దిసేపటికే మరల మీది గరుకు అణిగి ప్రీలోడ్‌లో 2 నుంచి 10 శాతం దాకా పోతుంది. అందుకే 10 నిమిషాలు ఆగి అదే టార్క్ మళ్ళీ ఇవ్వాలి. చాలా సిస్టమ్స్‌లో ఇది 30, 35 న్యూటన్ సెంటీమీటర్లు, మీ కంపెనీ ఎంత చెప్పిందో అంతే ఇవ్వండి. చేతి డ్రైవర్‌తో అంత రాదు, మణికట్టు ఎంత గట్టిదైనా సరే.

మా దగ్గర ఒకాయన కింది దవడ పన్నుకి రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ బిగించి పంపాం. మూడోసారికి బుద్ధొచ్చి ఫ్లాస్ పెట్టి చూస్తే పక్క పన్ను వైపు అసలు దూరలేదు. కాంటాక్ట్ (పక్క పన్నుకి ఆనే చోటు) టైట్‌గా ఉండి అబట్‌మెంట్ పూర్తిగా కూర్చోలేదన్నమాట, మేము ఇన్నాళ్ళూ బిగించింది ఆ సందునే. కాంటాక్ట్ కొంచెం అరగదీసి, కొత్త స్క్రూ వేశాక మళ్ళీ ఆ కంప్లైంట్ రాలేదు.

విప్పాక పాత స్క్రూని లూప్స్‌తో (కళ్ళకి పెట్టుకునే భూతద్దాలు) చూడండి, మరలు అరిగినా తల పాడైనా పారేయండి. నన్నడిగితే బాగున్నా పారేయమంటాను, స్క్రూ ఖరీదెంత, పేషెంట్ మళ్ళీ మళ్ళీ తిరిగే ఖరీదెంత! ల్యాబ్‌లో పదిసార్లు బిగించి విప్పిన స్క్రూనే నోట్లో వేయడం ఇంకో తప్పు. వేరే కంపెనీ అబట్‌మెంట్ సరిపోయినట్టే కనిపిస్తుంది, నమ్మకండి. లోపల రక్తం, లాలాజలం లేకుండా కడిగి ఆరబెట్టి, డ్రైవర్‌కి ఫ్లాస్ కట్టి (జారి గొంతులోకి పోతే అదో తలనొప్పి) టార్క్ ఇవ్వండి. స్క్రూ రంధ్రంలో పైన టెఫ్లాన్ టేప్, దాని మీద కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్).

తర్వాత కాటు చూడండి. సొంత పన్ను కింద లిగమెంట్ ఉంటుంది, నొక్కితే కొంచెం దిగుతుంది, ఇంప్లాంట్ దాదాపుగా దిగదు. కాబట్టి మెల్లగా కొరికినప్పుడు షిమ్ పేపర్ (పళ్ళ మధ్య పెట్టి చూసే సన్నటి రేకు) ఇంప్లాంట్ దగ్గర జారిపోవాలి, గట్టిగా కొరికినప్పుడే పట్టుకోవాలి. దవడని పక్కకి జరిపినప్పుడు క్యాప్ మీద కాటు కాగితం మచ్చ పడితే అక్కడ అరగదీయండి. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి నైట్ గార్డ్ ఇవ్వకపోతే మిగతాదంతా చేసినా దండగే.

సిమెంట్ క్యాప్ అయితే క్రౌన్ రిమూవర్‌తో కొట్టకండి, లోపలి మరలు దెబ్బతింటాయి. పాత ఫొటోలో, ఎక్స్‌రేలో స్క్రూ ఎటు వాలి ఉందో చూసుకుని పైనుంచే రంధ్రం చేయండి. పేషెంట్‌కి మాత్రం ఫోన్‌లోనే చెప్పేయండి: నాలుకతో ఊపొద్దు, అటువైపు నమలొద్దు, ఒకట్రెండు రోజుల్లో వచ్చేయాలి. వదులు స్క్రూతో నెలలు నమిలితే అది లోపలే విరుగుతుంది, అప్పుడు ఆ ముక్కని స్కేలర్ (పళ్ళ గార తీసే పరికరం) కొసతో ఎడమవైపుకి తిప్పుతూ బయటికి తీయడానికి మధ్యాహ్నమంతా పడుతుంది.