ఆక్వేరియంలో ఉద్యోగానికి తయారవ్వడం: ముందు 100 లీటర్ల నీళ్లు నిలబెట్టండి

ఆక్వేరియంలో పనంటే గాజు వెనక సొరచేపలే గుర్తొస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం రోజు ఫిల్టర్లు కడగడం, నీళ్లు పరీక్షించడం, మేత తూచి వేయడం, చూసిందల్లా పుస్తకంలో రాయడంతో గడిచిపోతుంది. చేపలంటే ఇష్టమని చెప్పేవాళ్లు చాలామంది వస్తారు. నీళ్లు చదవగలిగేవాళ్లు తక్కువ, పని దొరికేది వాళ్లకే.

చదువు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంటర్ బైపీసీ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ (చేపల పెంపకం, మత్స్యశాస్త్రం డిగ్రీ) సూటి దారి. ఆంధ్రలో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో కాలేజీలున్నాయి. తర్వాత ఎంఎఫ్‌ఎస్సీకి (అందులోనే పీజీ) ముంబైలోని సీఐఎఫ్‌ఈ (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) మంచి చోటు. చేపల డాక్టరు కావాలనుకుంటే వెటర్నరీ డిగ్రీ వైపు వెళ్లాలి. అచ్చంగా ఆక్వేరియం సైన్సే నేర్పే కోర్సులు అరుదు. మన బీఎఫ్‌ఎస్సీలో బరువంతా చెరువుల సాగు మీద, రొయ్యల మీద ఉంటుంది, అలంకార చేపల వాటా చిన్నది. ఆ లోటు మీరే ఇంట్లో ఒక ట్యాంకు పెట్టి పూడ్చుకోవాలి.

ట్యాంకును చేపల్లేకుండా సిద్ధం చేయడం

మొదట నీటి పరిమాణం లెక్కకట్టండి. లోపలి పొడవు 75, వెడల్పు 40, నీటి ఎత్తు 35 సెంటీమీటర్లయితే మూడూ హెచ్చించి 1000తో భాగించండి: 105 లీటర్లు. ఇసుక, రాళ్లు ఆక్రమించే చోటు తీసేస్తే సుమారు 95 మిగలొచ్చు. షాపువాడు చెప్పిన లీటర్లు నమ్మి మందు వేస్తే మోతాదు మించేది ఇక్కడే.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ప్రతి 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) క్లోరిన్‌కు 100 లీటర్లకు 0.7 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) కలిపి, నీళ్లు పరీక్షించే కిట్‌తో మళ్లీ చూసుకోండి.

చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషం అమ్మోనియా. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. చేపలు వదలకముందే ఆ బ్యాక్టీరియాను పెంచాలి. ఇప్పుడు ఫిల్టర్ నడుపుతూ 100 లీటర్లకు 0.75 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేయండి. మొత్తం అమ్మోనియా, నైట్రోజన్ లెక్కన, 2 పీపీఎం అవుతుంది. కళాయి పోసేవాళ్లు వాడే నవాసాగరం ఇదే, కానీ బజారు సరుకులో ఏం కలిసి ఉందో తెలియదు కాబట్టి ల్యాబ్ గ్రేడ్ కొనండి. రోజూ ఒకే వేళకు అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ కొలిచి రాయండి. ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ పెరుగుతుంది, చాన్నాళ్లకు అదీ దిగుతుంది. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్లీ వేయాలి, లేకపోతే బ్యాక్టీరియాకు తిండి ఉండదు. అయితే నైట్రైట్ కిట్ కొలత దాటిపోయిందంటే అది దిగేదాకా మోతాదు ఆపండి. వేసిన 2 పీపీఎం 24 గంటల్లో పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నా అయిన రోజున ట్యాంకు సిద్ధం. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు వదిలే ముందు సగానికి పైగా నీళ్లు మార్చండి, అప్పటికి నైట్రేట్ పేరుకుపోయి ఉంటుంది.

మూడో వారంలో ఏ మార్పూ లేకుండా ఆగిపోయిందంటే ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకుని పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) చూడండి. 1 పీపీఎం అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి 7 పీపీఎం ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మన బోరు నీళ్లలో సాధారణంగా ఇది దండిగా ఉంటుంది. ఆర్‌ఓ నీళ్లతో నింపినవాళ్లకే ఈ కష్టం: పీహెచ్ 6.5 కిందికి జారుతుంది, బ్యాక్టీరియా మందగిస్తుంది. 100 లీటర్లకు 5 గ్రాముల వంట సోడా వేస్తే 30 పీపీఎం పెరుగుతుంది.

పీహెచ్ రాయకుండా అమ్మోనియా అంకె ఒక్కటే రాస్తే అర్థం ఉండదు. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం 0.7 శాతమే, పీహెచ్ 8 అయితే 6.6 శాతం. మొప్పలు గోధుమరంగుకు తిరిగి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే నైట్రైట్‌ను అనుమానించండి. మంచినీటి ట్యాంకులో 10 లీటర్లకు ఒక గ్రాము ఉప్పు వేస్తే 60 పీపీఎం క్లోరైడ్ వస్తుంది, మొప్పల్లోకి నైట్రైట్ పోకుండా అది అడ్డుపడుతుంది.

క్వారంటైన్

కొత్త చేపను 30 రోజులు విడిగా ఉంచాలి. అడుగున ఏమీ పరచని గాజు ట్యాంకు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, నడుస్తున్న ట్యాంకులో ముందే పక్వమైన (బ్యాక్టీరియా పట్టిన) స్పాంజ్ ఫిల్టర్, దీనికే కేటాయించిన వల, బకెట్టు. వలను 5 శాతం బ్లీచ్ లీటరుకు 4 మిల్లీలీటర్లు కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టి, హైపో నీళ్లలో ముంచి ఆరబెట్టండి.

ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యేది తెల్లమచ్చ తెగులు. రొయ్యల చెరువుల వైట్‌స్పాట్ వైరస్‌కూ దీనికీ సంబంధం లేదు, ఇది ఏకకణ పరాన్నజీవి. చేప చర్మం కింద ఉన్నప్పుడు గానీ, అడుగున గూడు కట్టుకున్నప్పుడు గానీ మందు దాన్ని తాకదు. నీటిలో ఈదే పిల్లదశలోనే చస్తుంది. అందుకే మచ్చలు పోయాయని మూడో రోజే మందు ఆపేసినవాళ్ల ట్యాంకులో వారానికి మళ్లీ కనిపిస్తాయి. ఉప్పునీటి రకానికి రాగి మందు వాడితే సాధారణ (కాపర్ సల్ఫేట్ రూపంలోని) రాగి 0.15 నుంచి 0.20 పీపీఎం మధ్య నిలవాలి, రోజూ కొలవాలి. పగడపు ఇసుక రాగిని పీల్చేసుకుంటుంది, అడుగు ఖాళీగా ఉంచడానికి అదీ ఒక కారణం. రొయ్య, నత్త లాంటివి ఉన్న ట్యాంకులో రాగి వేయకూడదు. ఫార్మలిన్ వాడితే ఆక్సిజన్ పడిపోతుంది, ఎయిర్ పెంచండి. మోతాదు చేపల వైద్యం తెలిసినవాళ్లను అడిగే వేయండి.

సముద్రపు నీళ్ల పని ఎక్కడ నేర్చుకోవాలి

ఆక్వేరియం షాపుకంటే రొయ్యల హేచరీ (రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే చోటు) నయం. మన తీరంలో హేచరీలకు కొదవ లేదు. రిజర్వాయర్‌లో క్లోరినేషన్, శాండ్ ఫిల్టర్, కార్ట్రిడ్జ్, యూవీ, ఆల్గే కల్చర్: పెద్ద ఆక్వేరియం పంపు గదిలో ఉండే వ్యవస్థలో చాలా భాగం అక్కడ చేత్తో ముట్టుకోవచ్చు. ఆర్టీమియా (చేపపిల్లలకు మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) పొదిగించడం తప్పకుండా నేర్చుకోండి: లీటరుకు 2 గ్రాముల గుడ్లు, 25 నుంచి 30 పీపీటీ (వెయ్యికి వంతులు) ఉప్పదనం, 28 డిగ్రీలు, వెలుతురు, బలమైన గాలి, 24 గంటలు. తర్వాత గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, పిల్లల్ని కింది నుంచి తీయాలి. ఆలస్యం చేస్తే వాటిలో ఉన్న కొవ్వు కరిగిపోయి మేతకు పస తగ్గుతుంది.

ఉప్పునీళ్లు కలిపేటప్పుడు నీళ్లలో సముద్రపు ఉప్పు మిశ్రమం వేయండి, ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సరిచూసి వదిలేయకుండా 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతో కూడా చూడండి, తప్పు బయటపడేది మీరు కొలిచే చోటే.

రెండు హెచ్చరికలు. పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. షాపులో అమ్ముతున్నా కొనొద్దు, ఆ ఫోటో దరఖాస్తులో అసలే పెట్టొద్దు. పెద్దవైపోయిన సక్కర్ (గాజుకు అంటుకుని పాచి తినే) చేపల్ని చెరువులో వదలొద్దు. మన చెరువుల్లో ఇవి ఇప్పటికే రైతులకు తలనొప్పి.

డైవింగ్ సర్టిఫికెట్ ఉంటే పెద్ద ఆక్వేరియాల్లో పనికొస్తుంది, కానీ మొదటి ఉద్యోగానికి దానికోసం అప్పు చేయక్కర్లేదు. విదేశాలకు వెళ్లాలనుకుంటే ఆల్సో (AALSO) అనే అమెరికా సంస్థ నీటి నాణ్యత, లైఫ్ సపోర్ట్ (పంపులు, ఫిల్టర్ల నిర్వహణ) పరీక్షల గురించి తెలుసుకోండి.

దరఖాస్తుతో పాటు మీ లాగ్ పుస్తకం మూడు నెలల పేజీలు జత చేయండి. తేదీ, వేళ, ఉష్ణోగ్రత, పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, వేసిన మేత గ్రాముల్లో, మార్చిన నీళ్లు లీటర్లలో, చేపల ప్రవర్తన, సంతకం. చచ్చిన చేపల వరుసలు తీసేయకండి. ఆ రోజు కరెంటు ఎంతసేపు పోయింది, గాలి ఎలా ఇచ్చారు, కోసి చూస్తే మొప్పల్లో ఏం కనిపించింది అన్నదే ఎదుటివాళ్లు ముందు అడుగుతారు.