స్టాక్‌హోమ్‌లో మిడ్‌సమ్మర్: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

తేదీ: మిడ్‌సమ్మర్ అంటే స్వీడన్ వాళ్ల వేసవి పండుగ. అసలు సంబరం శుక్రవారమే. ఏటా జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం; 2026లో జూన్ 19. శనివారం దిగితే పూలు, ఆకులు చుట్టిన స్తంభాన్ని అందరూ కలిసి పైకెత్తే ఘట్టం తప్పిపోతుంది. ఆ తర్వాత ఏడాది ఆగాల్సిందే.

సరుకులు: గురువారానికే కొనేయండి. శుక్రవారం చాలా షాపులు త్వరగా మూసేస్తారు. ప్రభుత్వ మద్యం దుకాణాలు శుక్ర, శని, ఆదివారాలు తెరవనే తెరవరు.

స్కాన్సెన్ (వేడుకలు జరిగే ఆరుబయటి మ్యూజియం): టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. 7 నంబరు ట్రామ్ కిక్కిరిసిపోతుంది. నగర మధ్యలోని స్లుస్సెన్ రేవు నుంచి పడవ నయం, సిటీ రవాణా టికెట్టే చెల్లుతుంది.

భోజనం: పండుగ విందులో ప్రధానం ఊరబెట్టిన హెర్రింగ్ చేపలు. శాకాహారులకు కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు దొరుకుతాయి గానీ కడుపు నిండదు, ఏదైనా వెంట ఉంచుకోండి.

డబ్బు: కార్డు తప్పనిసరి, చాలాచోట్ల నగదు తీసుకోరు.

బట్టలు: రెయిన్‌కోటు, స్వెటర్. గడ్డిలో కూర్చుంటే పొడవు ప్యాంటు. అక్కడి పిడుదులు మెదడువాపు అంటిస్తాయి.