క్యాంపర్ ట్రైలర్‌లో కన్వర్టర్, బ్రేకర్లు బిగించే ముందు జాగ్రత్తలు

అమెరికాలో చిన్న ట్రైలర్ కొని వైరింగ్ సొంతంగా చేసుకుందాం అనుకునేవాళ్లు పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి. కన్వర్టర్ అంటే బయటి 120 వోల్టుల కరెంటుని 12 వోల్టులుగా మార్చి బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టె.

• బయటి కరెంటు ప్లగ్ పీకేయండి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. సోలార్ ప్యానెల్ ఉంటే దాన్నీ విడదీయండి. బ్రేకర్ ఆఫ్ చేస్తే చాలదు. మీటరు పనిచేస్తోందో లేదో కరెంటున్న ప్లగ్‌పాయింటులో చూసుకున్నాకే ట్రైలర్‌లో పరీక్షించండి.

• ట్రైలర్ ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ కలపొద్దు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో ఆ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి అనుభవమున్న ఎలక్ట్రీషియన్ కూడా అలవాటుకొద్దీ కలిపేయవచ్చు. ఇక్కడ అలా చేస్తే, సరఫరా వైపు న్యూట్రల్, ఎర్త్ కనెక్షన్లు పాడైన రోజు ట్రైలర్ ఒళ్లంతా కరెంటు పారుతుంది. తడి నేల మీద నిలబడి తలుపు ముట్టుకున్న పిల్లల ప్రాణానికే ముప్పు. న్యూట్రల్ వైర్లు బిగించే బార్‌కి బాండింగ్ స్క్రూ (న్యూట్రల్‌ని ప్యానెల్ పెట్టెకి కలిపే స్క్రూ) ఉంటే తీసేయండి. ఎర్త్ బార్‌ని మాత్రం చాసిస్‌కి, అంటే ట్రైలర్ ఇనుప ఫ్రేముకి, గట్టిగా బిగించాలి.

• రాగి వైర్లే వాడండి. 15 ఆంపియర్ల బ్రేకర్‌కి 14 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), 20కి 12, 30 ఆంపియర్ల మెయిన్ బ్రేకర్‌కి 10.

• 12 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, షార్ట్ అయితే మంటలు వస్తాయి. పాజిటివ్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి. రంగును నమ్మకండి: ట్రైలర్లలో నల్ల వైరు పాజిటివ్ కావచ్చు. మీటరుతో తేల్చుకోండి.

• లిథియం బ్యాటరీ అయితే కన్వర్టర్ దానికి సరిపోయేదేనా?

• ఇంటి దగ్గర 30 ఆంపియర్ల ట్రైలర్ ప్లగ్‌పాయింటు పెట్టిస్తుంటే అది 120 వోల్టులదని గట్టిగా చెప్పండి. బట్టల డ్రయర్‌ది అనుకుని 240 ఇస్తే కన్వర్టర్ కాలిపోతుంది. ప్లగ్ పెట్టకముందే కొలవండి.