ల్యాబ్‌లో ఏ లినక్స్ కంప్యూటర్‌లోనైనా ఒకే లాగిన్: ఎలా ఏర్పాటు చేయాలి?

కావలిలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్, అందులో ముప్పై లినక్స్ కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. ప్రతి దానిలోనూ విద్యార్థులందరికీ విడివిడిగా ఖాతాలు తెరిస్తే, ఒకరు పాస్‌వర్డ్ మార్చుకున్న రోజే గందరగోళం మొదలవుతుంది. ఖాతాలన్నీ ఒక సర్వర్‌లో ఎల్‌డాప్ డైరెక్టరీలో (నెట్‌వర్క్ ద్వారా అడిగితే ఖాతా వివరాలు చెప్పే పట్టిక) ఉంచి, మిగతావన్నీ దాన్నే అడిగేలా చేయాలి. ఇదే పనికి వాడిన పాతకాలపు ఎన్‌ఐఎస్ జోలికి పోకండి. అందులో పాస్‌వర్డ్ హ్యాష్‌లకు (రూపం మార్చి దాచిన పాస్‌వర్డ్‌లకు) గోప్యత లేదు.

ఇందులో పనులు రెండు. ఈ పేరు ఎవరిది, యూఐడీ (ఖాతాను గుర్తించే అంకె) ఎంత అన్నది లినక్స్‌లోని ఎన్‌ఎస్‌ఎస్ అనే భాగం చూస్తుంది. వచ్చినవాడు నిజంగా అతనేనా అన్నది పామ్ అనే మరో భాగం తేలుస్తుంది. మొదటిది కుదిరాకే రెండోది ముట్టుకోండి. రెండూ కలిపి మొదలుపెడితే తప్పు ఎక్కడుందో ఎంతకీ తేలదు.

ముందు పేర్లు. నెల్లూరు జిల్లాలో ఒకే తరగతిలో ఇద్దరు పెంచలయ్యలుంటే ఆశ్చర్యం లేదు. లాగిన్ పేరుగా రోల్ నంబరే మేలు, కానీ ముందు ఒక అక్షరం చేర్చండి: ఎస్23017 లాగా. అన్నీ అంకెలే అయితే ఖాతా వివరాలు చూపే గెట్‌ఎంట్ వంటి ఆదేశాలు దాన్ని యూఐడీ అనుకుంటాయి. యూఐడీలు 10000 నుంచి ఇవ్వండి. కంప్యూటర్‌లో సొంతంగా తెరిచే ఖాతాలు సాధారణంగా 1000 నుంచి మొదలవుతాయి. లినక్స్ మూలభాగమైన కెర్నల్‌కు పేరుతో పని లేదు, అంకె ఒకటైతే ఒకరి ఫైళ్లు మరొకరివైపోతాయి.

తర్వాత పరీక్ష కోసం ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌ఎస్‌డీ (ఎన్‌ఎస్‌ఎస్, పామ్‌ల తరఫున సర్వర్‌ను అడిగే సర్వీసు) ఇన్‌స్టాల్ చేయండి. దాని కాన్ఫిగరేషన్ ఫైలులో సర్వర్ చిరునామా, సెర్చ్ బేస్ (డైరెక్టరీలో ఎక్కడి నుంచి వెతకాలో), సర్టిఫికెట్ ఉన్న చోటు రాయాలి. టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవలేకుండా చేసే రక్షణ) లేకుండా ఎల్‌డాప్‌తో పాస్‌వర్డ్ సరిచూడటానికి ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఒప్పుకోదు. 636 పోర్టు వాడండి, లేదా 389 మీదే స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలు కనెక్షన్‌ను టీఎల్ఎస్‌కు మార్చే పద్ధతి) పెట్టండి. ఆ కాన్ఫిగరేషన్ ఫైలు యజమాని రూట్ (నిర్వాహక ఖాతా), అనుమతి 600 (యజమానే చదవగలిగేలా, రాయగలిగేలా) ఉండాలి. ఇతరులకు చదివే వీలుంటే సర్వీసు మొదలే కాదు. అదే ఫైలులో, లాగిన్ వివరాలను కంప్యూటర్‌లోనే దాచుకునే క్యాష్ క్రెడెన్షియల్స్‌ను ట్రూ చేయడం మరవకండి. వేసవిలో కరెంటు పోయి సర్వర్ ఆగినా, ఆ కంప్యూటర్‌లో ఇదివరకు లాగిన్ అయినవారు మళ్లీ కాగలరు.

ఖాతాలను ఏ వరుసలో ఎక్కడ వెతకాలో చెప్పే ఎన్‌ఎస్‌స్విచ్ ఫైలులో పాస్‌వర్డ్ (passwd), గ్రూప్ వరుసల్లో 'ఫైల్స్' ముందు, 'ఎస్‌ఎస్‌ఎస్' వెనుక ఉండాలి. ఇప్పుడు గెట్‌ఎంట్ ఆదేశానికి ఒక విద్యార్థి లాగిన్ పేరు ఇచ్చి చూడండి. యూఐడీ, హోమ్ డైరెక్టరీ, షెల్‌తో ఒక వరుస వస్తే సగం పని అయినట్లే. పేరు ఇవ్వకుండా అడిగితే సర్వర్ ఖాతాలు కనిపించవు. కంగారు పడకండి, జాబితా మొత్తం చూపడం డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది.

ఇక పామ్. దీన్ని మార్చేముందు మరో టెర్మినల్‌లో రూట్‌గా లాగిన్ అయి, కొత్త లాగిన్ పనిచేసేదాకా దాన్ని మూయకండి. ఉబుంటులో పామ్-ఆత్-అప్‌డేట్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆత్‌సెలెక్ట్ ఈ పని చేసిపెడతాయి. మొదటిసారి లాగిన్ అయినప్పుడు హోమ్ డైరెక్టరీ సృష్టించే ఎంపికనూ అక్కడే ఆన్ చేయండి.

తర్వాత సర్వర్‌లో గ్రూపు మార్చినా కంప్యూటర్‌లో పాతదే కనిపిస్తుంటే, ఎస్‌ఎస్‌ఎస్_క్యాష్ (sss_cache) ఆదేశంతో పాత సమాచారాన్ని చెల్లనిదిగా చేసి మళ్లీ లాగిన్ కండి.