కైట్‌సర్ఫింగ్ నేర్చుకుంటున్నారా? బోర్డు సైజు ముందు తేల్చుకోండి

పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట కైట్‌సర్ఫింగ్. ఇందులో ప్రమాదం అనగానే అందరి చూపూ పైన ఎగిరే కైట్ మీదకే పోతుంది. కాళ్ల కింద బోర్డు చిన్నదైతే ఆ కైటే ఇంకా ప్రమాదమవుతుందన్న సంగతి చాలామందికి తట్టదు.

చిన్న బోర్డు నీళ్ల మీద జారాలంటే వేగం ఎక్కువ కావాలి. లేచి నిలబడీ నిలబడగానే మునిగిపోతుంది. దాంతో కొత్తవాళ్లు లాగుడు పెంచడానికి కైట్‌ను ఇంకా గట్టిగా కిందికి తిప్పుతారు. ఆ ఊపుకి బోర్డు ఊడిపోతుంది, మనిషి ముందుకు బోర్లా పడతాడు. ‘గాలి చాల్లేదు, పెద్ద కైట్ వేద్దాం’ అనిపించేది సరిగ్గా అప్పుడే. ఆ పని మాత్రం చేయకండి. మార్చాల్సింది బోర్డు.

సైజుకు మొదట మీ బరువు చూడాలి, ఆ తర్వాతే గాలి. నేర్చుకునేవాళ్లకు ట్విన్‌టిప్ (రెండు కొసలూ ఒకేలా ఉండి, ఎటైనా నడిచే) బోర్డు అయితే 60 కిలోల లోపు వారికి 135 సెంటీమీటర్లకు అటూఇటూ, 60 నుంచి 75 కిలోలకు 140–145, 90 దాకా 145–150 సరిపోతుంది. ఆపైన బరువుంటే ఇంకా పెద్దది. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే పెద్దదే తీసుకోండి. వెడల్పు కూడా చూడండి. పొడవు అంతే ఉన్నా, ఒకట్రెండు సెంటీమీటర్లు వెడల్పున్న బోర్డు త్వరగా తేలుతుంది. వంపు తక్కువగా, చదునుగా ఉన్నదైతే గాలికి ఎదురు వెళ్లడమూ తేలికే. చేయి తిరిగినవాళ్లు వాడి పక్కన పెట్టిన చిన్న బోర్డు చవగ్గా వస్తోందని మాత్రం ఎగబడొద్దు.

అలాగని మరీ పెద్దదీ వద్దు. 160 దాటిన బోర్డులు మంద గాలికి బాగుంటాయి. గాలి జోరందుకుంటే అంచు నీళ్లలోకి దిగదు, అంచు దిగకపోతే వేగం తగ్గదు.

నీళ్లలోకి దిగే ముందు ఫిన్‌ల (బోర్డు అడుగున ఉండే చిన్న రెక్కల) స్క్రూలు, కాలి పట్టీలు చేత్తో ఊపి చూడండి. పట్టీలోంచి వేళ్లు అవతలికి కనబడాలి, గట్టిగా లాగితే కాలు ఊడి రావాలి. ఇరుక్కుపోయే పట్టీతో పడితే మెలిపడేది మోకాలే.

బోర్డు పోతుందని తాడుతో ఒంటికి కట్టుకోవద్దు. పడ్డప్పుడు ఆ తాడు సాగి, బోర్డు విసురుగా వచ్చి తలకు తగులుతుంది. హెల్మెట్ ఎలాగూ ఉండాలి. పడ్డాక కైట్ మిమ్మల్ని గాలివాలుకు లాగేస్తుంది, బోర్డు వెనకే ఉండిపోతుంది. అందుకే బోర్డు ఎక్కకముందే, ఒక చెయ్యి నీళ్లలో చాచి ఒంటితోనే గాలికి ఏటవాలుగా ఎదురెళ్లే బాడీ డ్రాగ్ బాగా వచ్చేదాకా సాధన చేయండి.